చుక్కల వెలుగును కొలిచిన వైను బప్పు

హోసూరు నుండి కృష్ణగిరి మీదుగా వాణియంబాడికి పోవు రాజబాటలో ప్రయాణము చేసినవారు, కుడివైపున ఏలగిరిని, దానికి ఆవల దూరముగా నీలినీడవలె సాగిపోవు జవ్వాది కొండలను చూచియే యుందురు. ఆ జవ్వాది కొండలలో, ఆలంగాయమునకు ఆవల, సముద్రమట్టమునకు సుమారు 725 మీటర్ల ఎత్తున కావలూరు అను చిన్న పల్లె కలదు. పల్లె దాటగానే చెట్ల నడుమ తెల్లని గుమ్మటములు కొన్ని కనబడును. తెలియనివారు వానిని దేవాలయములనుకొనవచ్చును. అవి ఆకాశమును పరిశీలించు దుర్భిణుల గృహములు. వానిలో పెద్దదానికిని, ఆ పరిశోధనాలయమునకును గల పేరు ఒక్కటియే. అది వైను బప్పు అను శాస్త్రజ్ఞుని పేరు.

మన ప్రాంతపు పిల్లలు పెండ్లిండ్లకును, తిరునాళ్ళకును ఆ బాట వెంట ఎన్నిసార్లు పోయి వచ్చినను, ఆ గుమ్మటముల సంగతి ఎరిగినవారు తక్కువ. అందుచేత, మన ఇంటికి ఇంత చేరువలో తన జీవితములోని ఉత్తమకాలమును వెచ్చించిన ఈ మహనీయుని చరిత్రను ఈ సంచికలో వ్రాయ సంకల్పించితిమి.

మనాలి కల్లట్ వైను బప్పుగారు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసు నగరమున జన్మించిరి. వారి కుటుంబము కేరళలోని కన్ననూరుకు చెందినది. తండ్రిగారు హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగులు. కనుక బాలుడు పెరిగినది తెలుగు, ఉరుదూ మాటలాడు హైదరాబాదు నగరమున. ఇంటిలో మలయాళము, వీధిలో వేరొక భాష, పుస్తకములలో ఆంగ్లము. ఇంటిభాష ఒకటియు, ఊరిభాష వేరొకటియుగా పెరుగుట ఎట్టిదో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

ఆ నిజామియా నక్షత్రశాలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. 1901లో నవాబు జఫర్ జంగు అను ప్రభువు ఆకాశవీక్షణమునందలి ప్రీతిచే ఇంగ్లండునుండి పదునైదు అంగుళముల దుర్భిణిని తెప్పించి హైదరాబాదులోని ఫిసల్ బండ యందు నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని తన పాలనలోనికి తీసికొనెను. తరువాత అది బేగంపేటకు మారెను. ఆకాశమునంతయు ముక్కలు ముక్కలుగా ఛాయాచిత్రములు తీసి, ప్రతి నక్షత్రపు స్థానమును పట్టికలో వ్రాయవలెనని 1887లో పారిసు నగరమున పలుదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కూడి నిర్ణయించిరి. ఆ మహాకార్యములో హైదరాబాదునకును కొంత భాగము లభించెను. ఏండ్ల తరబడి అచ్చటి ఉద్యోగులు గాజుపలకలపై పడిన చుక్కలను సూక్ష్మదర్శినితో చూచుచు, లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచి వ్రాసిరి. అది ఓపికతో కూడిన పని. పేరు తెచ్చిపెట్టు పని కాదు. బాలుడైన బప్పు అట్టి పని జరుగుచోట తండ్రి వెంట తిరుగుచు పెరిగెను. దుర్భిణి ఆయనకు ఆటవస్తువు వలె అలవడినది.

నిజాం కళాశాలలో చదువుచుండగనే ఆయన మారునక్షత్రములను, అనగా కొన్నాళ్ళు కాంతి హెచ్చి కొన్నాళ్ళు తగ్గు చుక్కలను, రాత్రుల యందు గమనించి లెక్కలు వ్రాయుచుండిరి. తరువాత భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. పట్టము పొందిరి. అంతటితో మన దేశమున ఆయనకు చదువ దగిన మెట్లు ముగిసినవి. ఖగోళ భౌతికశాస్త్రమును పై తరగతులలో బోధించి, పెద్ద దుర్భిణితో అభ్యాసము చేయించు విద్యాలయము ఆనాడు ఇచ్చట లేకుండెను. హైదరాబాదు ప్రభుత్వము ఒసగిన విద్యార్థివేతనముతో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పయనమైరి.

అచ్చటికి చేరిన కొలది మాసములకే, 1949 జూలై 2వ తేదీ రాత్రి, ఒక విశేషము జరిగినది. బప్పుగారు ఆకాశపు ఛాయాచిత్రమునొకదానిని తీసి, పలకను కడిగి చూడగా, అందు ఉండదగని మసక గుర్తు ఒకటి కనబడినది. అది క్రొత్త తోకచుక్క. ఆయన గురువైన బార్టు బాకు, సహాధ్యాయి గోర్డను న్యూకర్కు కూడ దానిని పరీక్షించి నిర్ధారించిరి. అందుచే ఆ తోకచుక్కకు బప్పు-బాకు-న్యూకర్కు అని ముగ్గురి పేరును నిలిచినది. ఇరువది రెండేండ్లు నిండని విద్యార్థికి తోకచుక్క దక్కుట పెద్ద అదృష్టమే. ఆ సంవత్సరమే పసిఫిక్ ఖగోళ సంఘమువారు డోనహో తోకచుక్క పతకమును ఆయనకు బహూకరించిరి. ఐనను మా అభిప్రాయమున బప్పుగారి పేరు శాస్త్రములో నిలిచినది దీనివలన గాదు. తోకచుక్క వచ్చి పోవును. ఆయన కనుగొనిన కొలబద్ద నేటికిని నిలిచియున్నది.

1952లో డాక్టరు పట్టము పొంది, కార్నెగీ సంస్థవారి గౌరవవేతనముతో ఆయన కాలిఫోర్నియా రాష్ట్రమునకు పోయిరి. అచ్చట పాలోమారు కొండమీద ఐదు మీటర్ల వ్యాసముగల దుర్భిణి అప్పటికి నాలుగేండ్ల క్రితమే సిద్ధమైయున్నది. ఆనాడు ప్రపంచమున అంతకు మించినది లేదు. అచ్చటి ఓలిన్ విల్సను అను పెద్దలతో కలిసి బప్పుగారు చేసిన పరిశోధనయే వారి కీర్తికి మూలము. దానిని పిల్లలకు తెలియునట్లు కొంచెము విపులముగా చెప్పెదము.

చీకటి రాత్రి హోసూరు చంద్రచూడేశ్వరస్వామి కొండమీద ఒక దీపము కనబడుచున్నదనుకొందము. అది ఎంత దూరమున నున్నదో కంటితో చూచి చెప్పగలమా? చెప్పలేము. అది దగ్గరనున్న చిన్న దీపమైనను కావచ్చును, దూరమున నున్న పెద్ద దీపమైనను కావచ్చును. దీపము యొక్క అసలు శక్తి మనకు ముందుగా తెలిసినయెడల, కంటికి కనబడు కాంతితో దానిని పోల్చి దూరము లెక్కింపవచ్చును. దూరము రెండింతలైన కాంతి నాలుగవవంతగును, మూడింతలైన తొమ్మిదవవంతగును. కాని నక్షత్రపు అసలు శక్తిని మనకెవరు చెప్పుదురు? ఈ చిక్కు జ్యోతిశ్శాస్త్రమంత పాతది.

నక్షత్రపు కాంతిని పట్టకము వంటి సాధనము గుండా పంపినచో అది ఇంద్రధనుస్సువలె రంగులపట్టీగా విడివడును. దీనినే వర్ణపటమందురు. ఆ పట్టీలో అక్కడక్కడ నల్లని గీతలుండును. ఆ గీతలు నక్షత్రములోని మూలపదార్థముల చేవ్రాలు. సున్నములో నుండు కాల్షియము ఊదారంగు కొనయందు రెండు బలమైన గీతలను ఏర్పరచును. వానిలో ఒకదానికి ‘కె’ గీత యని పేరు. కొన్ని నక్షత్రములలో ఈ నల్లని గీత నడుమ సన్నని వెలుగుగీత ఒకటి కనబడును. సూర్యునికంటె చల్లని ఎర్రని, పసుపు వన్నె నక్షత్రములలో ఇది స్పష్టము. విల్సను, బప్పుగార్లు 185 నక్షత్రముల వర్ణపటములలో ఈ వెలుగుగీత వెడల్పును ఒక్కొక్కటిగా కొలిచిరి. నిజామియాలో చుక్కలను కొలిచిన వారి బిడ్డకు ఇట్టి కొలతపని క్రొత్తది కాదు.

అప్పుడొక వింత బయటపడినది. నక్షత్రము ఎంత శక్తిమంతమైనదైన ఆ వెలుగుగీత అంత వెడల్పు. చిన్న నక్షత్రమునకు సన్నగీత, మహానక్షత్రమునకు వెడల్పుగీత. గీత ప్రకాశముగా నున్నను, మసకగా నున్నను, నక్షత్రపు వేడిమి కొంత హెచ్చైనను తగ్గైనను ఈ నియమము తప్పలేదు. వెడల్పు రెండింతలైనచో నక్షత్రపు శక్తి సుమారు అరువది రెట్లు హెచ్చును. కనుక దూరముననున్న నక్షత్రపు వర్ణపటము తీసి, ఒక్క గీత వెడల్పును కొలిచినచో దాని అసలు శక్తి తెలియును, శక్తి తెలిసినచో దూరము తెలియును. కొండమీది దీపమునకు దాని శక్తిని వ్రాసిన చీటీ అంటించినట్లయినది. 1957లో ప్రకటింపబడిన ఈ ఫలితమును విల్సను-బప్పు ప్రభావమని శాస్త్రలోకము పిలుచుచున్నది. 1989లో ఆకాశమున ప్రవేశపెట్టబడిన హిప్పార్కస్ అను ఉపగ్రహము నక్షత్రముల దూరములను వేరు పద్ధతిని సూక్ష్మముగా కొలిచిన తరువాత, ఈ నియమమును మరల పరీక్షించి, దాని లెక్కలను ఇంకను సవరించుకొనిరి.

ఇంతటి దుర్భిణి చేతికందిన యువకుడు అచ్చటనే యుండిపోయినను అతనిని తప్పుపట్టువారుండరు. బప్పుగారు 1953లో స్వదేశమునకు తిరిగి వచ్చిరి. ఇచ్చట వారి విద్యకు తగిన కొలువు వెంటనే దొరకలేదు. కొంతకాలము వేచియుండి, 1954లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము కాశీలో క్రొత్తగా నెలకొల్పిన నక్షత్రశాలలో చేరిరి. కాశీ విద్యకు స్థానమే గాని, ఆ గంగాతీరపు ధూళిలో చుక్కలు మసకబారును. ఆయన ఆ నక్షత్రశాలను హిమాలయపాదమునందలి నైనీతాలుకు తరలించిరి. నేడు అచ్చట వర్ధిల్లుచున్న పరిశోధనాలయమునకు అది పునాది.

1960లో, సుమారు ముప్పదిమూడేండ్ల ప్రాయమున, ఆయన కోడైకెనాలు నక్షత్రశాలకు అధిపతియై దక్షిణమునకు వచ్చిరి. ఈ సంస్థ పదునెనిమిదవ శతాబ్దమునాటి మద్రాసు నక్షత్రశాలకు వారసురాలు. 1899 నుండి పళని కొండలమీద సూర్యుని పరిశీలించుచుండెను. అచ్చట కాల్షియపు ‘కె’ గీత కాంతితోనే సూర్యబింబపు చిత్రములను ఇరువదవ శతాబ్దపు తొలి ఏండ్లనుండి ఎడతెగక తీయుచుండిరి. దూరపు నక్షత్రములలో తాను కొలిచిన గీతనే దగ్గరి నక్షత్రమైన సూర్యునిపై పరిశీలించు అవకాశము బప్పుగారికి ఇచ్చట కలిగెను. శివరామన్ గారితో కలిసి, సూర్యుని ముఖముపై కనబడు సన్నని వెలుగుమచ్చలే ఆ గీత వెడల్పునకు కారణమని ఆయన తరువాత చూపిరి.

కాని కోడైకెనాలు పగటి సూర్యునికి మంచిదే గాని రాత్రి చుక్కలకు తగినది కాదు. మేఘములు, పొగమంచు అచ్చట తరచు. రాత్రి ఆకాశమునకు వేరొక కొండ కావలెను. బప్పుగారు దక్షిణదేశమున తగిన స్థలమును వెదకించిరి. ఆకాశము నిర్మలముగా నుండవలెను, గాలి నిలకడగా నుండవలెను, నగరముల దీపకాంతి దరి చేరరాదు. భూమధ్యరేఖకు దగ్గరగానున్న యెడల ఉత్తరదిక్కు చుక్కలు, దక్షిణదిక్కు చుక్కలు రెండును కనబడును. ఈ లక్షణములన్నియు చూచి, సుమారు పన్నెండున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న కావలూరును ఎన్నుకొనిరి. అప్పుడు అది ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది, నేడు తిరుపత్తూరు జిల్లాలోనిది. చుట్టును గంధపుచెట్లు గల అడవి.

ఆరంభము మిక్కిలి చిన్నది. కోడైకెనాలు పనిశాలలో తమవారే తయారుచేసిన 38 సెంటీమీటర్ల దుర్భిణిని తెచ్చి 1968లో పని మొదలిడిరి. పాలోమారులోని ఐదు మీటర్ల అద్దముతో పనిచేసిన చేతులు ఇప్పుడు దానిలో పదమూడవవంతు వెడల్పుగల అద్దముతో తృప్తిపడవలసి వచ్చెను. ఇదియే మాకు ఈ జీవితములో మిక్కిలి ఆశ్చర్యకరముగా తోచుచున్నది. పెద్దదాని రుచి ఎరిగి చిన్నదానితో మరల మొదలిడుట అందరికి సాధ్యము కాదు.

1972లో జర్మనీదేశపు జైసు కర్మాగారమున చేయబడిన ఒక మీటరు దుర్భిణి కావలూరునకు వచ్చెను. అది నిలిచిన వెంటనే ఫలించినది. ఆ సంవత్సరము జూన్ 7వ తేదీన గురుగ్రహపు ఉపగ్రహమైన గానిమీడు ఒక నక్షత్రమునకు అడ్డువచ్చెను. నక్షత్రము మరుగగు తీరును బట్టి గానిమీడుపై పలుచని వాయుమండలపు జాడ కలదని గుర్తించిరి. 1977 మార్చి 10వ తేదీన యురేనసు గ్రహము ఒక నక్షత్రము ముందునుండి సాగినప్పుడు, గ్రహము చేరకమునుపే నక్షత్రకాంతి క్షణకాలము తగ్గుట కావలూరులోను నమోదైనది. ఆ గ్రహము చుట్టును వలయములు కలవని ప్రపంచమునకు తెలిసినది ఆ రాత్రి పరిశీలనల వలననే. విమానములో నెగురుచు చూచిన అమెరికావారికి ఆ వలయములు స్పష్టముగా చిక్కినవి.

1971లో కోడైకెనాలు సంస్థ స్వతంత్రప్రతిపత్తి పొంది భారత ఖగోళ భౌతిక పరిశోధన సంస్థగా మారెను. కొన్నాళ్ళకు దాని ముఖ్యకార్యాలయము బెంగుళూరునకు వచ్చెను. అప్పటినుండి బెంగుళూరునకు, కావలూరునకు నడుమ రాకపోకలు సాగించిన శాస్త్రజ్ఞులకు మన హోసూరు, కృష్ణగిరి దారిలోని ఊళ్ళు.

ఇక బప్పుగారి పెద్ద సంకల్పము. రెండుమీటర్లకు మించిన అద్దముగల దుర్భిణిని మన దేశముననే తయారుచేయవలెనని ఆయన నిశ్చయించిరి. విదేశమునుండి కొనితెచ్చుట సులభము. కాని కొనినవారికి దుర్భిణి వచ్చునే గాని, దుర్భిణిని చేయు విద్య రాదని ఆయన ఎరుగుదురు. ముడిగాజు దిమ్మ జర్మనీ నుండి వచ్చెను. 2.34 మీటర్ల వెడల్పుగల ఆ దిమ్మను తరచి, నునుపుచేసి, గుంటయద్దముగా మలచుపని బెంగుళూరులో జరిగినది. ఆ నునుపు ఎట్టిది? అద్దపు ముఖముపై మిట్టపల్లములు కాంతితరంగపు పొడవులో కొలది పాలును మించరాదు. ఒకనాడు కొంత రాచుట, మరునాడు పరీక్షించుట, మరల రాచుట. తొందరపడి ఒకచోట హెచ్చుగా రాచినయెడల దానిని తిరిగి నింప వీలుకాదు, తక్కినదంతయు దాని మట్టమునకు దింపవలసినదే. అద్దమును మోయు ఇనుపకట్టడము వాల్‌చంద్‌నగరు కర్మాగారమున తయారైనది.

ఈ నడుమ గౌరవములును వచ్చినవి. 1970లో భట్నాగరు పురస్కారము, 1981లో పద్మభూషణ బిరుదము లభించినవి. 1979లో ప్రపంచపు జ్యోతిశ్శాస్త్రజ్ఞులందరి కూటమియగు అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు ఆయన అధ్యక్షులుగా ఎన్నుకోబడిరి. అట్టి పదవి భారతీయునికి లభించుట అదియే ప్రథమము.

ఆ సంఘపు మహాసభలు 1982 ఆగస్టున గ్రీసుదేశమందలి పాత్రాసు నగరమున జరుగవలసియుండెను. అధ్యక్షులు సభకు చేరలేకపోయిరి. హృద్రోగమునకు మ్యూనికు నగరమున శస్త్రచికిత్స జరిగిన తరువాత, పాత్రాసులో సభలు సాగుచుండగనే, ఆగస్టు 19వ తేదీన బప్పుగారు పరమపదించిరి. ఏబదియైదేండ్లు నిండి తొమ్మిది దినములు మాత్రమే గడచినవి. పెద్ద దుర్భిణి ఇంకను పూర్తికాలేదు. ఆయన దాని గుండా ఒక్క చుక్కనైనను చూడలేదు.

సహోద్యోగులు పని ఆపలేదు. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారు ఆ దుర్భిణిని ప్రారంభించి, దానికిని పరిశోధనాలయమునకును వైను బప్పు పేరిడిరి. 2016లో నైనీతాలు చెంత దేవస్థలమున 3.6 మీటర్ల దుర్భిణి వచ్చువరకు మన దేశమున కావలూరు దానికి మించినది లేకుండెను.

ఆ దుర్భిణితో చూచినవానిలో నక్షత్రములే గాక, మన పాలపుంతకు ఆవలనున్న నక్షత్రవీథులును కలవు. వానిలో కొన్నిటి నడిబొడ్డు మిక్కిలి ఉగ్రముగా వెలుగును. 1943లో కార్ల్ సీఫర్టు అను అమెరికా శాస్త్రజ్ఞుడు అట్టివానిని మొదట వరుసగా పరీక్షించెను. ఆ నడిబొడ్డు వెలుగును వర్ణపటము చేసిన గీతలు మిక్కిలి వెడల్పుగా నుండును. గీత వెడల్పు మరల ఇచ్చటను ముఖ్యమైనది. వెలుగునిచ్చు వాయువు మహావేగముతో తిరుగుచున్నదని ఆ వెడల్పు చెప్పును. నడుమ ఒక మహాకృష్ణబిలము వాయువును లాగుకొనుచున్నందున ఇట్లగుచున్నదని నేడు తెలిసియున్నది.

బప్పుగారి మరణానంతరము ఈ విషయమున జరిగిన ఒక పరిశోధనను ఇచ్చట చెప్పుట అవసరము. ఏలన, ఆయన కొలబద్దకు అది దూరపు చుట్టము. అది కంటికి కనబడు కాంతితో జరిగినది కాదు. రేడియో తరంగములతో జరిగినది. కనుక కావలూరు దుర్భిణి దానిని చూడజాలదు.

నీటియావిరి అణువులు సుమారు 1.35 సెంటీమీటర్ల పొడవుగల రేడియో తరంగము నొకదానిని వెలువరించును. మామూలుగా అది బలహీనము. కొన్నిచోట్ల అణువులు వేడిమిచే ఉత్తేజితములై సిద్ధముగా నుండగా, ఒక తరంగము వానిలోనుండి పోవునప్పుడు ప్రతి అణువును అదే తరంగమును జతచేయును. భజనలో ఒకరు ఎత్తుకొనిన స్వరమునే గోష్ఠియంతయు అందుకొనగా శబ్దము పెరుగునట్లు తరంగము పెరుగును. దీనినే మేసరు అందురు. అంతరిక్షమున నీటి మేసరును 1969లో చార్లెస్ టౌన్సుగారి బృందము కనుగొనెను. ఉగ్రములైన నక్షత్రవీథుల నడిబొడ్డున అంతకు ఎన్నో రెట్లు బలమైన నీటి మేసరులు కలవని పదేండ్లకు తెలిసినది.

సప్తర్షి మండలపు తోక క్రిందిభాగమున, వేటకుక్కల మండలములో, ఎన్.జి.సి. 4258 అను నక్షత్రవీథి యున్నది. దాని నడుమ కృష్ణబిలము చుట్టును పలుచని పళ్ళెమువంటి వాయుచక్రము తిరుగుచున్నది. ఆ చక్రములోని నీటియావిరి మచ్చలు మేసరు తరంగములను పంపుచున్నవి. కృష్ణగిరి రాజబాటపై లారీ మనవైపు వచ్చునప్పుడు దాని హారను సన్నముగను, దాటిపోవునప్పుడు బొంగురుగను వినబడును గదా. అట్లే మనవైపు వచ్చు ఆవిరి తరంగము కురుచయగును, ఆవలికి పోవునది సాగును. ఆ తేడానుబట్టి చక్రపు అంచులలోని ఆవిరి సెకనుకు సుమారు వేయి కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నదని తేలినది. అమెరికా భూభాగమునందును, దీవులయందును ఒకదానికొకటి దూరముగా నిలిపిన పది రేడియో దుర్భిణులను ఒక్కటిగా కలిపి, 1995లో జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు ఆ మచ్చల స్థానములను గుర్తించిరి. వేగమునుబట్టి చూడగా, కాంతి సంవత్సరమునకు లోపలి దూరములో సుమారు నాలుగు కోట్ల సూర్యుల బరువు ఇమిడియున్నదని లెక్క వచ్చెను. అంతటి బరువును అంత చోట ఇమడ్చుటకు కృష్ణబిలము దప్ప వేరొకటి తోచదు.

దూరమును అట్లే తేలినది. ఆవిరి మచ్చ సెకనుకు ఎన్ని కిలోమీటర్లు కదలుచున్నదో తరంగపు మార్పు చెప్పును. ఆకాశమున అది సంవత్సరమునకు ఎంత కోణము జరుగుచున్నదో దుర్భిణులు చెప్పును. ఒకే వేగముతో పోవు రెండు లారీలలో దగ్గరిది త్వరగా మన కంటిని దాటును, దూరపుది మెల్లగా సాగును. ఈ రెంటిని పోల్చి ఆ నక్షత్రవీథి సుమారు రెండున్నర కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్నదని లెక్కించిరి. 2019నాటి లెక్కలో తేడా నూటికి రెండు పాళ్ళకు లోపే. దూరపు నక్షత్రవీథుల కొలతలను సరిచూచుటకు నేడు ఇది ఒక మైలురాయి. కాల్షియపు గీత వెడల్పునుండి నక్షత్రపు దూరము, నీటి గీత జరుగుటనుండి నక్షత్రవీథి దూరము. మెట్లు వేరు గాని నిచ్చెన ఒక్కటియే.

కావలూరును గూర్చి ఇంకొక్కమాట. బప్పుగారు ఆ కొండను ఎన్నుకొనిననాడు దాని చుట్టును చీకటి యుండెను. నేడు మైదానమునందలి పట్టణములు పెరిగి, వాని దీపకాంతి ఆకాశమున వ్యాపించుచున్నది. వీథిదీపముపై మూతపెట్టి వెలుగును నేలకు దింపినచో బాటసారికి వెలుగు తగ్గదు, చుక్కలకు చీకటి మిగులును. ఈ సంగతి తలిదండ్రులు తమ తమ పంచాయతీలలో చెప్పదగినది.

1988 ఫిబ్రవరి 17వ తేదీన కావలూరులోని 45 సెంటీమీటర్ల ష్మిట్ దుర్భిణితో రాజమోహన్ గారు ఒక చిన్నగ్రహమును కనుగొనిరి. దానికి 4130 సంఖ్యయు, గణితవేత్త రామానుజన్ పేరును ఇచ్చిరి. కుజ గురు గ్రహముల నడుమ సూర్యుని చుట్టును తిరుగు చిన్నగ్రహములలో 2596 సంఖ్య గలదానికి వైను బప్పు అని పేరు.